లేఓవర్‌లో భోజనం: కూర్చుని తినే రెస్టారెంటా, ఫుడ్ కోర్టా, లాంజా, ఇంటి నుంచి తెచ్చుకున్నదా?

హైదరాబాదు నుంచి అమెరికాకు బయలుదేరేవారిలో చాలామంది దోహా, దుబాయి, అబుధాబి, ఫ్రాంక్‌ఫర్ట్, లండన్‌లలో ఏదో ఒకచోట విమానం మారుతారు. టికెట్టు కొనేటప్పుడు ధర, సామాను బరువు, లేఓవర్ (విమానం మారేచోట ఆగే సమయం) ఎంతసేపన్నది అన్నీ చూసుకుంటాం గానీ, ఆ మధ్యలో ఎక్కడ కూర్చుని ఏం తినాలన్నది మాత్రం దిగాక చూద్దాంలే అని వదిలేస్తాం. పిల్లల దగ్గరికి మొదటిసారి వెళ్తున్న తల్లిదండ్రులకు ఇబ్బంది ఇక్కడే వస్తుంది. ధర చూసి జంకి, విమానం ఎక్కడ తప్పిపోతుందోనన్న భయంతో, ఏది శాకాహారమో అడగలేక, పద్నాలుగు పదిహేను గంటల విమానం ఎక్కబోతూ కూడా ఏమీ తినకుండానే వారు గేటు దగ్గర కూర్చుండిపోతారు. కనుక నా సలహా ముందే చెబుతాను. అన్ని తనిఖీలూ పోను చేతిలో గంటకు పైగా మిగిలి, వెంట పెద్దవారో చిన్నపిల్లలో ఉంటే, బల్ల దగ్గరికి వచ్చి వడ్డించే రెస్టారెంటుకు పెట్టిన డబ్బు వృథా కాదు. ఆ గంట మిగలకపోతే ఎంత మంచి రెస్టారెంటయినా దాని జోలికి పోకూడదు.

ముందు చూడవలసింది మెనూ కాదు, మిగిలే సమయం

టికెట్టు మీద కనిపించే లేఓవర్ అంతా మన చేతిలో ఉండేది కాదు. ఉదాహరణకు 3 గంటల 10 నిమిషాల లేఓవర్ ఉందనుకుందాం. విమానం ఆగి, తలుపులు తెరిచి, వెనక వరుసలవారు కిందికి దిగేసరికి 20 నిమిషాలు గడుస్తాయి. విమానాన్ని టెర్మినల్‌కు దూరంగా నిలిపితే బస్సు ప్రయాణం దానికి అదనం. విమానం మారేవారికి చేసే భద్రతా తనిఖీకి, ఆ తర్వాతి నడకకు మరో 40 నిమిషాలు వేసుకోవాలి. అటు చివర చూస్తే, అమెరికా వెళ్లే విమానాలకు బయలుదేరే వేళకు గంట ముందే బోర్డింగ్ మొదలవుతుంది, గేటు దగ్గర పాస్‌పోర్టులు, వీసాలు మళ్లీ చూస్తారు, కొందరి సంచులు విప్పి తనిఖీ చేస్తారు. అందుచేత గంటంబావు ముందే అక్కడ ఉండడం మంచిది. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 55 నిమిషాలు. కూర్చోబెట్టి, మెనూ ఇచ్చి, వండి, వడ్డించి, బిల్లు తెచ్చే రెస్టారెంటులో భోజనానికి తక్కువలో తక్కువ 45 నిమిషాలు పడుతుంది కాబట్టి, ఆ 55 నిమిషాల్లో తినడం సాధ్యమే గానీ గడియారం చూసుకుంటూ తినాలి. నా లెక్కలో మూడున్నర గంటలకు మించిన లేఓవర్‌లోనే రెస్టారెంటు గురించి ఆలోచించాలి. రెండు నుంచి మూడున్నర గంటల వరకు ఫుడ్ కోర్టు సరిపోతుంది. రెండు గంటల లోపైతే సంచిలో ఉన్నదే భోజనం.

ఈ లెక్క ఊరిని బట్టి మారుతుంది. అబుధాబిలో 2014 నుంచి అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీలను విమానం ఎక్కకముందే పూర్తిచేస్తున్నారు. 2023 నవంబరులో మొదలైన కొత్త టెర్మినల్‌లోనూ ఆ ఏర్పాటు కొనసాగుతోంది. అమెరికాలో దిగాక వరుసలో నిలబడే పని తప్పుతుంది గనుక ఇది ఎంతో మేలైన సదుపాయమే, కానీ ఆ తనిఖీకి గంటో, రద్దీగా ఉంటే ఇంకా ఎక్కువో పడుతుంది. ఒకసారి ఆ వైపు దాటాక తినడానికి దొరికేవి బాగా తక్కువ. అబుధాబి మీదుగా వెళ్లేవారు తినవలసిందేదో ఆ తనిఖీకి ముందే తినేయాలి, లేఓవర్ నాలుగున్నర గంటలకు తక్కువైతే రెస్టారెంటు ఆలోచన మానుకోవాలి.

లండన్ హీత్రోలో ఇబ్బంది మరో రకం. అక్కడ గేటు నంబరును చాలా ఆలస్యంగా, విమానం బయలుదేరడానికి ఇంచుమించు గంట ముందు మాత్రమే తెరమీద చూపిస్తారు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ వాడే 5వ టెర్మినల్‌లో బి, సి గేట్లు విడి భవనాల్లో ఉంటాయి, వాటికి భూగర్భ రైలులో వెళ్లాలి. రెస్టారెంట్లు మాత్రం ఎక్కువగా ప్రధాన భవనంలోనే ఉన్నాయి. కాబట్టి అక్కడ గేటు చూసుకుని వచ్చి తిందామనుకోవడం కుదరదు, ప్రధాన భవనంలో తెర కనిపించే చోట ముందే తినేసి, నంబరు పడగానే లేవాలి. దోహాలో ఈ చిక్కు లేదు. 2014లో మొదలైన హమద్ విమానాశ్రయం ఒకే పెద్ద టెర్మినల్. 2022లో ఉత్తర భాగం, దాని మధ్యలో చెట్లతో నిండిన ఆర్చర్డ్ అనే తోట వచ్చాక నడక దూరాలు పెరిగాయి, అయినా భవనం లోపలే ఒక చిన్న రైలు తిరుగుతుంది. దుబాయిలో ఎమిరేట్స్‌కు ఉన్న 3వ టెర్మినల్ ఎ, బి, సి అనే మూడు భాగాలుగా ఉంటుంది. ఏ భాగం నుంచి బయలుదేరాలో చూసుకుని, ముందు ఆ భాగానికి చేరుకుని, అక్కడి రెస్టారెంటులోనే కూర్చోవాలి. ఆస్ట్రేలియాకు సింగపూర్ మీదుగా వెళ్లేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2019లో తెరిచిన జువెల్ భవనం, అందులోని జలపాతం, దాని చుట్టూ ఉన్న రెస్టారెంట్లు ఇమిగ్రేషన్‌కు బయట ఉన్నాయి. సింగపూర్‌లో అడుగుపెట్టడానికి అనుమతి ఉన్నవారికే అవి అందుతాయి.

ఇక అమెరికాలోనే విమానం మారేవారు, అబుధాబిలో తనిఖీ ముగించుకున్నవారు తప్ప, మొదట దిగిన ఊళ్లో ఇమిగ్రేషన్ ముగించి, సామాను తీసుకుని, మళ్లీ అప్పగించి, మరోసారి భద్రతా తనిఖీకి నిలబడాలి. ఇదంతా అయ్యేదాకా భోజనం ఊసు ఎత్తకపోవడమే మంచిది.

నిజంగా ఆకలేనా?

హైదరాబాదు నుంచి గల్ఫ్ వైపు వెళ్లే విమానాల్లో చాలా భాగం తెల్లవారుజామున బయలుదేరుతాయి. దోహాకు నాలుగున్నర గంటలు, దుబాయికి నాలుగు గంటల ప్రయాణం. ఆ మధ్యలో ఒక భోజనం పెడతారు. దోహాలో గడియారం మనకన్నా రెండున్నర గంటలు, దుబాయిలో గంటన్నర వెనక ఉంటుంది, కాబట్టి అక్కడ పొద్దున ఆరయ్యేసరికి మన శరీరానికి ఎనిమిదిన్నరో ఏడున్నరో అవుతుంది. తర్వాతి విమానం ఎక్కాక గంట, గంటన్నరలో మళ్లీ భోజనం వస్తుంది. అటు వెళ్లేటప్పుడు చిన్న లేఓవర్‌లో రెస్టారెంటులో నిండా తిన్నవారు విమానంలో కడుపు బరువుతో అవస్థ పడతారు, అక్కడ పెట్టిన భోజనమూ వృథా అవుతుంది. ఆ వేళ కావలసింది వేడి టీ, కొంచెం రొట్టె, ఒక పండు, కాళ్లు చాపుకునే చోటు.

తిరుగు ప్రయాణం అలా కాదు. పద్నాలుగు గంటలకు పైగా కూర్చుని, విమానంలో చివరి భోజనం తిని చాలాసేపైన తర్వాత, సాయంత్రమో రాత్రో గల్ఫ్‌లో దిగి, హైదరాబాదు విమానం కోసం నాలుగైదు గంటలు ఎదురుచూడవలసి వచ్చినప్పుడు, వేడివేడి భోజనం శరీరానికి నిజంగా అవసరం. మీరు రెండు వైపులా కలిపి ఒక్కసారే రెస్టారెంటుకు ఖర్చు పెట్టదలచుకుంటే, ఆ ఒక్కసారి తిరిగి వచ్చేటప్పుడే పెట్టండి.

మధుమేహం ఉన్నవారికి మాత్రం ఈ లెక్కలేవీ వర్తించవు. మందు వేసుకున్న వేళను బట్టే వారి తిండి వేళ సాగాలి. గడియారాలు మారే ప్రయాణంలో ఇన్సులిన్ ఎప్పుడు, ఎంత తీసుకోవాలో బయలుదేరక ముందే వైద్యుణ్ని అడిగి, కాగితం మీద రాయించుకుని పెట్టుకోవాలి. రెస్టారెంటులో వంట ఆలస్యమైనా ప్రమాదం లేకుండా సంచిలో బిస్కట్లో, నాలుగు ఖర్జూరాలో తప్పక ఉండాలి.

నాలుగు దారులు, వాటి మంచిచెడులు

రెస్టారెంటులో మనం డబ్బు పెట్టి కొనుక్కునేది తిండి ఒక్కటే కాదు. వీపు ఆనే కుర్చీ, సంచులు పెట్టుకునే చోటు, పళ్లెంలో ఏముందో నిలబడి చెప్పే మనిషి కూడా ఆ ధరలో ఉంటారు. శాకాహారులకు ఈ మూడోది అన్నిటికన్నా విలువైనది. ఫుడ్ కోర్టు కౌంటరు దగ్గర వెనక పదిమంది వరుసలో ఉండగా సూపులో కోడిమాంసం ఉడికించిన నీళ్లు కలిపారా, అన్నంలో గుడ్డు వేశారా అని నిదానంగా అడిగే వీలుండదు. దోహా, దుబాయి రెస్టారెంట్లలో వడ్డించేవారిలో కేరళవారు, ఉత్తర భారతీయులు, నేపాలీలు చాలామంది కనిపిస్తారు. హిందీలో రెండు ముక్కలు వచ్చినా పని జరిగిపోతుంది. అరబ్బు వంటకాలు పెట్టే చోట దొరికే పప్పు సూపును పెద్దవారికి నేను గట్టిగా సిఫారసు చేస్తాను. ఎర్ర కందిపప్పును మెత్తగా ఉడికించి, జీలకర్ర పొడి వేసి, పైన నూనె చుక్కలతో గిన్నెలో వేడిగా తెస్తారు, పక్కన నిమ్మముక్క, వేయించిన రొట్టె ముక్కలు ఉంటాయి. నిమ్మరసం పిండుకుని తాగితే ప్రయాణంలో చచ్చిన నోటికి ప్రాణం లేచి వస్తుంది, కడుపుకూ తేలిక. అయితే కొన్నిచోట్ల దాన్నీ కోడి రసంతో చేస్తారు కాబట్టి అడిగి తీరాలి. హుమ్ముస్ (శనగల ముద్ద), ఫలాఫెల్ (శనగల వడ), వేడి రొట్టె సామాన్యంగా శాకాహారమే. గల్ఫ్‌లో హలాల్ అని రాసి ఉన్నంత మాత్రాన గొడ్డుమాంసం ఉండదని అనుకోకూడదు, అది జంతువును కోసే పద్ధతికి సంబంధించిన మాట. ఐరోపాలో వెజిటేరియన్ అంటే గుడ్లు ఉండవచ్చు. గుడ్డు తిననివారు ఆ మాట విడిగా చెప్పాలి. బ్రిటన్‌లోనూ ఐరోపా యూనియన్ దేశాల్లోనూ గుడ్డు, పాలు, వేరుశనగ, నువ్వులతో సహా 14 రకాల పదార్థాల గురించి అడిగినవారికి చెప్పవలసిన బాధ్యతను చట్టం రెస్టారెంట్ల మీద పెట్టింది గనుక, మొహమాటపడకుండా అడగవచ్చు.

ఒక తేడా గమనించాలి. బల్లలున్న ప్రతి రెస్టారెంటులోనూ అడగడానికి మనిషి ఉంటారని చెప్పలేం. అమెరికాలోని నెవార్క్ విమానాశ్రయం సి టెర్మినల్‌లో చాలాచోట్ల ఏళ్లుగా బల్ల మీది తెరతోనో ఫోన్‌తో క్యూఆర్ కోడ్ చూపించో ఆర్డరిచ్చి, కార్డుతో చెల్లించే పద్ధతి నడుస్తోంది. ఫోన్ వాడకం బాగా తెలిసినవారికి అది వేగంగా ఉంటుంది, పెద్దవారికి మాత్రం రెస్టారెంటుకు ఉన్న ముఖ్యమైన మేలే అక్కడ లేకుండా పోతుంది. అలాంటి చోట వారికి కౌంటరే నయం.

ఫుడ్ కోర్టులో పదార్థం కంటికి కనిపిస్తుంది, ముందే డబ్బు కట్టేస్తాం, ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచిపోవచ్చు. ఇద్దరున్నప్పుడు ఒకరు బల్ల పట్టుకుని, మరొకరు వరుసలో నిలబడవచ్చు గనుక వారికి అది చక్కగా కుదురుతుంది. ఒంటరిగా, రెండు సంచులతో, ట్రే పట్టుకుని ఖాళీ కుర్చీ వెతుక్కోవడం మాత్రం అరవై దాటినవారికి కష్టం. శాకాహారులకు మరో హెచ్చరిక: అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ వేయించే బంగాళాదుంప ముక్కల్లో గొడ్డుమాంసపు సువాసన ద్రవ్యం కలుస్తుంది, కాబట్టి అక్కడ అవి శాకాహారం కావు.

లాంజ్ అంటే విమానాశ్రయంలో తిండి, కుర్చీలు ఉండి, విడిగా ప్రవేశం ఉండే విశ్రాంతి గది. దాని గురించి మనవారిలో ఉన్న ఆశ కొంచెం ఎక్కువే. క్రెడిట్ కార్డు ఉంటే చాలు, లోపలికి పంపిస్తారని చాలామంది అనుకుంటారు. చాలా కార్డులు సంవత్సరానికి ఇన్నిసార్లని పరిమితి పెడతాయి, కొన్ని అంతకుముందు మూడు నెలల్లో ఇంత ఖర్చు చేసి ఉండాలని షరతు పెడతాయి. కార్డు ఉన్న మనిషికి ఉచితమైనా, వెంట ఉన్న ముగ్గురికీ డబ్బు కట్టవలసి రావచ్చు. నలుగురి కుటుంబానికి ఆ లెక్క వేస్తే రెస్టారెంటే చవక కావడం తరచుగా జరుగుతుంది. ఆరేడు గంటల లేఓవర్‌లో, రెండుసార్లు తినవలసి ఉండి, స్నానం చేయాలనిపించి, కార్డు మీద ప్రవేశం ఖాయమని ముందే చూసుకున్నవారికి లాంజ్‌ను మించినది లేదు. ఒక్క భోజనం కోసమైతే దానికి అంత డబ్బు పెట్టనక్కరలేదు.

ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర, చపాతీలు నిబంధనల ప్రకారం ఏ ఇబ్బందీ లేనివి, అలవాటైన రుచి, ఖర్చు లేదు. అయితే పెరుగు, పెరుగన్నం, నూనెలో మునిగిన పచ్చడి భద్రతా తనిఖీలో ద్రవపదార్థాల కిందికి వచ్చి చెత్తబుట్టలో పడే అవకాశం ఉంది. అమెరికా వెళ్లే విమానాల్లో 2018 నుంచి పొడులకూ నియమం ఉంది: దాదాపు 350 మిల్లీలీటర్లకు మించిన పొడిని చేతిసంచిలో పెట్టుకుంటే ప్రత్యేకంగా తనిఖీ చేస్తారు, ఆపేయవచ్చు కూడా. కందిపొడి, కారప్పొడి డబ్బాలు పెద్ద సామానులోనే సర్దుకోవాలి. మిగిలిపోయిన ఆహారంతో అమెరికాలో దిగితే కస్టమ్స్‌లో ఆ సంగతి చెప్పాలి. పండ్లు, మాంసం ఉన్నవైతే విమానంలోనే వదిలేయడం క్షేమం. సొంత ఆహారాన్ని రెస్టారెంటు బల్ల మీద విప్పనివ్వరు గనుక, గేటు దగ్గర కుర్చీల్లోనే తినాలి.

వీల్‌చెయిర్ తీసుకున్నవారికి

భాష రాదనో, నడక కష్టమనో తల్లిదండ్రులకు వీల్‌చెయిర్ సాయం అడగడం ఇప్పుడు మన ఇళ్లలో మామూలైంది. అది చాలా మంచి ఏర్పాటు, కానీ భోజనం విషయంలో దాని పరిమితి ముందే తెలిసి ఉండాలి. సహాయకులు ప్రయాణికులను విమానం దగ్గర నుంచి తీసుకుని, తనిఖీలు దాటించి, సాయం కోరినవారంతా కూర్చునే ఒక ప్రత్యేకమైన చోట దించి, బోర్డింగ్ వేళకు మళ్లీ వస్తామని చెప్పి వెళ్లిపోతారు. మన పెద్దలు అక్కడి నుంచి లేస్తే తమను వదిలేసి పోతారేమోనని భయపడి, గంటల తరబడి మంచినీళ్లకు కూడా కదలరు. ఎదురుగా ఇరవై అడుగుల దూరంలో టీ కొట్టు కనిపిస్తున్నా కదలరు. అందుచేత ఇటువంటి ప్రయాణంలో రెస్టారెంటును లెక్కలోకి తీసుకోకుండా, ఇంటి పులిహోరను ప్రధాన భోజనంగా పెట్టుకోవాలి. దానికి తోడు, తనిఖీ దాటగానే దారిలో ఎదురయ్యే మొదటి దుకాణం దగ్గర ఒక్క నిమిషం ఆపమని సహాయకుణ్ని అడిగి నీళ్లు, వేడి టీ కొనుక్కోవాలి. చాలామంది సహాయకులు కాదనరు. దుకాణం దగ్గర ఆపమని అడిగే ఆ ఒక్క వాక్యాన్ని హిందీలోనో ఇంగ్లీషులోనో ఒక కాగితం మీద రాసి అమ్మానాన్నల పాస్‌పోర్టులో పెట్టి పంపించండి.

కూర్చున్నాక

మెనూ తీసుకునే ముందే బోర్డింగ్ వేళ చెప్పి, త్వరగా వచ్చేది ఏమిటని అడగాలి. అన్నీ ఒకేసారి ఆర్డరిచ్చి, వడ్డించేటప్పుడే బిల్లు కూడా తెమ్మంటే చివరి పది నిమిషాల నిరీక్షణ తప్పుతుంది. పెద్ద విమానాశ్రయాల్లో చాలాచోట్ల బోర్డింగ్ పిలుపు హాలంతటా వినిపించదు, కాబట్టి బయలుదేరే విమానాల తెర కనిపించే బల్ల అడిగి తీసుకోవాలి. ఫోన్ గడియారం స్థానిక సమయానికి మారిందో లేదో కూడా చూసుకోవాలి. ధరను లెక్కవేసుకోవడానికి డాలరుకు 3.64 ఖతర్ రియాళ్లు, 3.67 యూఏఈ దిర్హాములు అని గుర్తుంచుకుంటే చాలు. 73 రియాళ్ల పళ్లెం అంటే 20 డాలర్లు.

మన దేశపు కార్డులకు విదేశీ వాడకం మొదట ఆపివేసి ఉంటుంది, బ్యాంకు యాప్‌లో దాన్ని ఇంట్లో ఉండగానే తెరుచుకోవాలి. చెల్లింపు యంత్రం మీద కొన్నిసార్లు రెండు మొత్తాలు పక్కపక్కన కనిపిస్తాయి, ఒకటి స్థానిక కరెన్సీలో, ఒకటి రూపాయల్లో. రూపాయల మొత్తం మనకు అర్థమయ్యేది గనుక వేలు అటే వెళ్తుంది, కానీ ఆ మారకపు రేటు మామూలుగా నష్టంగానే ఉంటుంది. స్థానిక కరెన్సీనే ఎంచుకోవాలి. టిప్పు సంగతికి వస్తే, అమెరికాలో బిల్లు మీద 18 నుంచి 20 శాతం ఇవ్వడం ఆచారం, కొన్నిచోట్ల దాన్ని ముందే కలిపేస్తారు గనుక మళ్లీ ఇవ్వకుండా బిల్లు చదవాలి. లండన్‌లో తరచుగా 12.5 శాతం కలుపుతారు, అది మన ఇష్టం మీద ఆధారపడినది. గల్ఫ్‌లో నిర్బంధం లేదు.

విమానం ఆలస్యమైతే జేబులో చెయ్యి పెట్టే ముందు ఎయిర్‌లైన్స్ కౌంటరుకు వెళ్లండి. ఫ్రాంక్‌ఫర్ట్ వంటి ఐరోపా యూనియన్ విమానాశ్రయం నుంచి బయలుదేరే దూరప్రయాణపు విమానం నాలుగు గంటలు ఆలస్యమయ్యే పరిస్థితి ఉంటే, ఎదురుచూసే సమయానికి తగిన భోజనం పెట్టవలసిన బాధ్యత ఆ సంస్థదేనని అక్కడి చట్టం చెబుతుంది; మన దేశంలోనూ ప్రయాణ సమయాన్ని బట్టి రెండు నుంచి నాలుగు గంటల ఆలస్యానికి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇలాంటి నియమమే పెట్టింది. వారిచ్చే వోచరు అన్ని రెస్టారెంట్లలోనూ చెల్లదు, చాలావరకు ఫుడ్ కోర్టు కౌంటర్లకే పరిమితం అవుతుంది, కాబట్టి కుర్చీ లాక్కునే ముందే దాన్ని చూపించి అడగాలి.